'నాన్నగారూ' అన్న గొంతు

నా ముఖం మీ ఫోనులో ఉండే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు కింది పెదవి ముందుకు పెట్టి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా బావురుమని ఏడుస్తుంటాడు. పరీక్ష తప్పినా, ప్రేమ బెడిసికొట్టినా, బిర్యానీలో ముక్క తగలకపోయినా జనం ఒకరికొకరు పంపుకునే స్టిక్కర్ అది. శేరిగూడలో ఇంజినీరింగ్ కాలేజీ ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. రికార్డులు బైండింగు చేయించుకోవడానికి వచ్చే పిల్లలు నా కౌంటరు మీదే మోచేతులు ఆనించి ఆ స్టిక్కర్ పంపుకుంటారు, పగలబడి నవ్వుతారు, మధ్యలో తలెత్తి "అన్నా, జర జల్దీ" అని నన్ను తొందరపెడతారు. నాకు జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. పోల్చుకోలేకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఒకసారి ఉండబట్టలేక అది నేనే అని చెప్పాను. ఒకమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "నిజంగనా అంకుల్? ఏదీ, ఒక్కసారి ఏడ్వుండ్రి" అంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

మాది ఇబ్రహీంపట్నాన్ని ఆనుకుని ఉన్న పల్లె. కొంత పొలం, కొంత మెట్ట చెలక, ఒక జత తెల్లటి ఎడ్లు. అప్పట్లో మా చుట్టుపక్కల షూటింగులు తెగ జరిగేవి. పల్లెటూరి సీను అనగానే వాళ్ళకు ఎడ్లబండి కావాలి. మా నాన్న బండికి పచ్చరంగు వేసి, ఎడ్ల కొమ్ములకు ఎర్రరంగు పూసి తోలుకుపోయేవాడు. ఆ ఎడ్లు ఇంటివాళ్ళ మాట తప్ప ఎవరి మాటా వినవు. హీరో పగ్గాలు పట్టుకుని ఎంత అదిలించినా మెడ తిప్పి చూసి ఊరుకునేవి. అందుకని నన్ను బండిలో గడ్డి కింద దాచి కూర్చోబెట్టేవాళ్ళు. హీరో తోలుతున్నట్టు చేతులు ఊపుతుంటే, గడ్డిలోంచి నేను "హౌ... హౌ... నడువుర్రి" అనేవాణ్ణి. ఎడ్లు నడిచేవి. షూటింగులో నా సొంత గొంతుతో పని జరిగింది ఆ ఎడ్ల దగ్గరే.

ఒకరోజు గడ్డి దులుపుకుంటూ బయటికి వస్తుంటే డైరెక్టరు చూశాడు. కళ్ళు పెద్దవిగా ఉన్నాయన్నాడు. హీరో చిన్నప్పటి వేషానికి తెచ్చిన పిల్లాడికి ఏడుపు రావడం లేదట, నన్ను ఏడవమన్నారు. నాకూ రాలేదు. అంతమంది మధ్యలో నవ్వొచ్చింది. అప్పుడు అసిస్టెంటు ఒకాయన నా దగ్గర కూర్చుని, చాలా ప్రేమగా భుజం మీద చెయ్యేసి, "బాబూ, మీ నాన్న నీకు చెప్పలేదా? ఎడ్లని కోతకి అమ్మేశాడు. సాయంత్రం లారీ వస్తుంది" అన్నాడు. నేను ఏడ్చిన ఏడుపుకు సెట్టు మొత్తం నిశ్శబ్దమైపోయింది. కెమెరా ఆగాక అందరూ చప్పట్లు కొట్టారు. జనరేటరు వ్యాను వెనక ఎడ్లు నింపాదిగా నెమరేస్తూ కనిపించాయి. చూశాక కూడా ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నాన్న మాత్రం మురిసిపోయి అందరికీ బీడీలు పంచాడు.

అలా నటుణ్ణయ్యాను. తర్వాత ఎన్ని సినిమాల్లో ఏడ్చినా నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. కళ్ళు మూసుకుని లారీ రావడం చూసేవాణ్ణి.

నా మొదటి డైలాగు మాత్రం మా సినిమావాళ్ళు చాలా కాలం చెప్పుకుని నవ్వుకున్నారు. జైలునుంచి వచ్చిన తండ్రిని చూసి పరుగెత్తుకెళ్ళి "నాన్నగారూ, మీరు వచ్చేశారా!" అనాలి. నేను పరుగెత్తాను, కాళ్ళు చుట్టేసుకున్నాను, ప్రాణం పెట్టి "బాపూ, వచ్చినవా!" అన్నాను. సెట్టంతా గొల్లుమంది. తండ్రి వేషం వేసినాయన నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. నేనేం తప్పన్నానో నాకు తెలియదు. ఇంకో నాలుగు టేకులు తీశారు. ప్రతిసారీ పరుగెత్తేటప్పుడు 'నాన్నగారూ' అనే అనుకునేవాణ్ణి, ఆ కాళ్ళు చుట్టేసుకోగానే నోటినుంచి 'బాపూ' అనే వచ్చేది. చివరికి డైరెక్టరు విసుగుతో, "ముఖం బంగారం, నోరే మట్టి. ఒరేయ్, నువ్వేం మాట్లాడకు. పెదాలు కదిలేలా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు చాలు. మాటలు తర్వాత చెప్పిస్తాం" అన్నాడు. అప్పట్లో పిల్లల వేషాలకు స్టూడియోలో పెద్దవాళ్ళెవరో గొంతు ఇచ్చేవాళ్ళు. నాకు ఒకావిడ ఇచ్చింది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మీ ఫోనులో ఉన్న ఆ ఏడుపు సీను ఉంది చూశారూ, తండ్రి బండెక్కి వెళ్ళిపోతుంటే పిల్లాడు "నాన్నగారూ, నన్ను వదిలి వెళ్ళకండి నాన్నగారూ!" అని గుండెలు పగిలేలా అరుస్తాడు. నిజానికి అప్పుడు నేను ఒకటినుంచి పదకొండు దాకా లెక్కపెడుతున్నాను. పెదవులు జాగ్రత్తగా చూస్తే 'తొమ్మిది' దగ్గర తెలిసిపోతుంది.

సినిమా ఇబ్రహీంపట్నం వచ్చిన రోజు మా ఊరు ఊరంతా ట్రాక్టర్ల మీద కదిలింది. నాన్న కొత్త ధోతి కట్టి మొదటి వరుసలో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తెరమీద నేను నోరు తెరవగానే ఎవరిదో తేనె పూసినట్టున్న గొంతు వచ్చింది. నాన్న ఉలిక్కిపడి నా చెవిలో అడిగాడు.

"గిది నీ గొంతేనా బిడ్డా? గిట్లున్నదేంది?"

నాకు ఎనిమిదేళ్ళు. చుట్టూ ఊరంతా నన్నే చూస్తోంది. "అవ్ బాపు, నాదే. మిషన్ల పడితె గట్లనే వస్తది" అన్నాను.

నాన్న నమ్మాడు. నమ్మడానికి ఆయనకు కారణం ఉంది. అంతకుముందు ఏడు మా మేనమామ టేపురికార్డరు తెచ్చి నాన్న మాటలు పట్టి వినిపిస్తే, "ఎవ్వడ్రా గీ దొంగగొంతోడు?" అని అడిగాడు. మిషన్లో పడితే ఎవరి గొంతు వాళ్ళకే తెలియదని అప్పుడు ఆయనకు ఖాయమైపోయింది. ఇక నా కొడుకు ఆంధ్రావాళ్ళకంటే నున్నగా మాట్లాడతాడని ఊరూరా చెప్పుకున్నాడు.

అబద్ధం ఒక్కసారి చెబితే సరిపోదు, దానికి రోజూ తిండి పెట్టాలి. ఇంటికి ఎవరొచ్చినా నాన్న, "ఏదీ, సిన్మా మాటలు మాట్లాడు బిడ్డా, ఇననీ" అనేవాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి "నాన్నగారూ, అమ్మగారు మంచినీళ్ళు తీసుకొస్తున్నారు" అనేవాణ్ణి. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. నాన్న ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం నేను 'బాపు' మానేశాను. 'వచ్చిన' మానేసి 'వచ్చాను' అన్నాను, 'గట్ల' మానేసి 'అలా' అన్నాను. ఏడాది తిరిగేసరికి ప్రయత్నం లేకుండానే అలా వచ్చేది. బడిలో పిల్లలు వెక్కిరించారు, లెక్కచేయలేదు. అమ్మ ఒక్కతే మొహం చిన్నబుచ్చుకునేది. అన్నం పెడుతూ ఒకసారి, "ఇంట్ల గూడ గిదేం మాట తీరు కొడకా? సుట్టానికి పెట్టినట్టున్నది నీకు బువ్వ పెడ్తె" అంది. నేను 'అదేం లేదమ్మా' అన్నాను, అదీ సినిమా మాటల్లోనే. కొన్నాళ్ళకు 'నాన్నగారు' కాస్తా అరిగి 'నాన్న' అయింది. 'బాపు' మళ్ళీ రాలేదు.

పన్నెండేళ్ళకు నా పని అయిపోయింది. మూతిమీద నూనూగు మీసం వచ్చింది, కాళ్ళు వెదురుబొంగుల్లా సాగాయి. హీరో చిన్నప్పటివాడికి పెద్దయిపోయాను, హీరోకి స్నేహితుడిగా చిన్నవాణ్ణి. "రెండు మూడేళ్ళు ఆగి కనపడు" అన్నారు. ఆగి కనపడ్డాను. ఇంకో రెండేళ్ళన్నారు. ఇరవై ఏళ్ళపాటు కాళ్ళరిగేలా తిరిగాను. ఆఫీసుల్లో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు నా పాత ఏడుపు గుర్తుచేసి, నెత్తిన చెయ్యేసి నిమిరి పంపేవాళ్ళు. గుంపులో నిలబడే వేషాలు దొరికేవి. పెళ్ళి సీనులో వడ్డించాను, గొడవ సీనులో పారిపోయాను. చదువు ఇంటర్‌లోనే అటకెక్కింది. తాగుడు అలవాటైంది, దాన్ని గురించి గొప్పగా చెప్పుకునేదేం లేదు, పొద్దున్నే తాగి సాయంత్రం దాకా గోడను చూస్తూ పడుకునేవాణ్ణి.

పెళ్ళి చేస్తే బాగుపడతానన్నారు. ఆమె మంచిది. నేనే సరిగ్గా లేను. ఏడేళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు పోట్లాట మధ్యలో సడన్‌గా గొంతు తగ్గించి, "నువ్వు కొట్లాడెటప్పుడు గూడ ఎవ్వరో సూస్తున్నట్టె మాట్లాడ్తవ్. ఒక్కసారన్న తిట్టు నన్ను, నీ నోటితోని" అంది. నాకు తిట్లు కూడా పుస్తకంలో అచ్చువేసినట్టు వచ్చేవి. ఆమె మర్నాడు బట్టలు సర్దుకుని తుక్కుగూడలో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళింది, తిరిగి రాలేదు. నేను పిలవడానికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి అప్పగింతల సీనులో తండ్రిలా ఏదో చెప్పాను. వాళ్ళ అన్న తలుపు వేసేశాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పాడె పక్కన నిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. లారీ వచ్చింది, ఎడ్లు ఎక్కాయి, లారీ పోయింది. ఒక్క చుక్క రాలేదు. నా వెనక ఎవరో ఆడమనిషి, "సిన్మల గంత ఏడ్సెటోడు, తల్లి సస్తె ఏడుస్తలేడు సూడు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగా దాచుకోవలసిన సరుకంతా చిన్నప్పుడే ఖర్చుపెట్టేశాననిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఇంట్లో నాన్న, నేను మిగిలాం. నాన్నకు షుగర్ వల్ల చూపు మసకబారుతూ వచ్చింది. దవాఖానల చుట్టూ తిప్పాను. మూడేళ్ళ కింద మొత్తం పోయింది. చూపు పోయాక ఆయన నాతో మాట్లాడటం తగ్గించాడు. అన్నం తిన్నావా అంటే తిన్నానంటాడు, మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాడు. కానీ నాలుగు గంటలకు చాయ్ తాగాక, మంచం మీద సర్దుకుని కూర్చుని, ముఖం కడుక్కున్నంత తేటగా పెట్టి అడిగేవాడు.

"ఏదీ, చిన్నోణ్ణి జర మాట్లాడియ్యి."

చిన్నోడంటే ఫోనులో ఆ సీను. నేను పెట్టేవాణ్ణి. 'నాన్నగారూ, నన్ను వదిలి వెళ్ళకండి' అని ఆ గొంతు ఏడ్చేది. నాన్న గుడ్డికళ్ళలోంచి నీళ్ళు కారేవి. "ఏడికి పోత బిడ్డా, ఈడనే ఉన్న" అనేవాడు ఫోనుతో. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. ఎవరో తెలియని ఆవిడ గొంతు మా నాన్నకు కొడుకైంది. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండేది. నాకు నామీదే అసూయ అని కూడా అనలేను, ఎందుకంటే అది నేను కాదు.

అలాంటి రోజుల్లో షాపుకు ఒక కుర్రాడొచ్చాడు. ఏదో స్క్రిప్టు ప్రింట్లు తీయించుకుంటూ నన్ను గుర్తుపట్టాడు. మొదటిసారి ఒకరు నా ముఖంలో ఆ పిల్లాణ్ణి చూశారు. సినిమా తీస్తున్నారట, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగే రైతు వేషం ఉందట, రెండు డైలాగులట. "మస్తు నేచురల్‌గ ఉండాలన్నా. మొత్తం మన భాషనే. సౌండ్ గూడ అక్కడికక్కడే పట్టుకుంటం, డబ్బింగ్ లేదు" అన్నాడు. చివరి మాట వినగానే నా చేతిలోని కాగితాలు కింద పడ్డాయి. ఒకప్పుడు మట్టి అన్న నోరే ఇప్పుడు వాళ్ళకు కావాలి. ముప్పై ఏళ్ళు లేటైతే అయింది, నా గొంతు మా నాన్న చెవిలో పడుతుంది. అది తప్ప నాకింకేం అక్కర్లేదనిపించింది.

ఆడిషన్‌లో డైలాగు ఇదీ: "పొద్దుగాల్నే వచ్చిన సారూ. నా పేరు పిలువకనే మూసుకొని పోయిన్రు."

నేను చెప్పాను. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే నయం అనుకున్నాను. భాష నేర్పడానికి ఒక కోచ్‌ని పెట్టుకున్నారు. ఆయనది గోదావరి వైపు, సినిమాలు చూసి మా యాస నేర్చుకున్నాడట. నా దగ్గరకొచ్చి మెల్లగా, "ఏమనుకోకండి, మీరు 'వచ్చిన' అంటుంటే చదివినట్టుంది. ఆంధ్రా నుంచి వచ్చి సెటిలైనవాళ్ళు ఇలాగే అంటారు. మీదే ఊరు?" అన్నాడు.

"ఇబ్రహీంపట్నం" అన్నాను.

"అయ్యో, అవునా? పుట్టింది కూడానా?" అన్నాడు.

ముఖం బాగుందని తీసుకున్నారు. మళ్ళీ ముఖమే. కానీ సౌండ్ అక్కడికక్కడే పట్టుకుంటారు కదా, మిగతాది నేను చూసుకుంటాననుకున్నాను. పదిహేను రోజులు షాపులో జిరాక్స్ మిషను చప్పుడు మధ్య 'వచ్చిన', 'వచ్చిన' అని గొణుక్కున్నాను. చెరువు కట్ట మీదికి పోయి గట్టిగా అరిచాను. ఆ మాటకు నా నోట్లో చోటు లేదు. ఎక్కడో పళ్ళ మధ్య ఇరుక్కుని, సగంలోనే నాలుక దానంతటదే 'వచ్చాను' వైపు పోయేది.

షూటింగుకు ముందురోజు సాయంత్రం నాన్న చిన్నోణ్ణి మాట్లాడించమన్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని కూడా పెట్టలేకపోయాను. సొంత గొంతు వినిపించబోతున్నానన్న పొగరు కావచ్చు, ఇన్నేళ్ళ ఉక్రోషం కావచ్చు.

"నాన్నా, ఆ గొంతు నాది కాదు" అన్నాను.

"ఏ గొంతు?"

"ఇందులో ఏడ్చేది. స్టూడియోలో ఒకావిడ చెప్పింది. అన్ని సినిమాల్లోనూ ఆవిడే."

నాన్న మంచం నవారు మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. తర్వాత, "మరి నీ పెదవులు ఆడినయ్ గద" అన్నాడు.

"ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను."

"ఏడ్సుకుంట లెక్కవెట్టినవా?"

"అవును."

"ఎంత దాంక?"

"పదకొండు."

"బడి ఎగ్గొట్టి తిరిగినా అంకెలైతె ఒచ్చినయ్ నీకు" అన్నాడు. నవ్వాడో లేదో నాకు తెలియలేదు. నేను తొందరతొందరగా చెప్పుకుపోయాను. ఈసారి అలా కాదు, ఈసారి నా గొంతే, మిషనులో పట్టేది నన్నే, థియేటరుకు తీసుకెళ్తాను, నీ చెవులతో నువ్వే విందువుగాని అని. ఆయన తల ఊపాడు. "సరే, ఇంట" అన్నాడు.

మర్నాటినుంచి ఫోను అడగలేదు. నాలుగు గంటలకు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. మంచం మీద సర్దుకుని కూర్చోవడం లేదు, ముఖం తేటగా పెట్టుకోవడం లేదు. ఒకరోజు నేనే, "పెట్టమంటావా?" అని అడిగాను. "ఎవ్వలో ఆడిమనిషి ఏడుస్తుంటె నేనెందుకు ఇనాలె?" అన్నాడు. ఆయనకు మిగిలిన చిన్నోణ్ణి నేను చేజేతులా చంపేశాను. దానికి బదులుగా నా దగ్గరున్నవి రెండే డైలాగులు.

షూటింగు సగం పూటలో అయిపోయింది. ఆరు టేకులు తీసుకున్నారు. కోచ్ మూడుసార్లు వచ్చి నా 'వచ్చిన'ను సరిచేశాడు. ఆరో టేకు తర్వాత డైరెక్టరు 'ఓకే' అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాణ్ణి "గొంతు బాగా పడిందా?" అని అడిగాను. బొటనవేలు చూపించాడు. నేను ఇంటికొచ్చి నాన్నతో, "బాగా పడిందంట" అన్నాను. "మంచిగైంది" అన్నాడు. ఎనిమిది నెలలు ఆగాం. ఈ మధ్యలో ఆయన కాళ్ళు వాచాయి, నడక తగ్గింది. అయినా వారానికోసారి "ఇంకెన్నొద్దులు?" అని అడిగేవాడు. నేను తాగడం మానేశాను. ఎందుకు మానేశానో ఆయన అడగలేదు, తెలుసేమో.

సినిమా ఇబ్రహీంపట్నం వచ్చింది. మధ్యాహ్నం ఆటకు ఆటో మాట్లాడుకుని తీసుకెళ్ళాను. నాన్న ఉతికిన ధోతి కట్టుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. సీట్లో కూర్చున్నాక నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, చెవి కొంచెం ముందుకు పెట్టాడు. తెరమీద ఏం జరుగుతోందో నేను చెబుతుంటే, "నువ్వు సప్పుడు జెయ్యకు, నేను ఇంట" అన్నాడు.

ఇంటర్వెల్‌కు ముందు తహసీల్ ఆఫీసు వచ్చింది. తెరనిండా నా ముఖం. మట్టి కొట్టుకుపోయి, గడ్డం మాసి, నిజంగా బాగుంది. నేను నోరు తెరిచాను.

"పొద్దుగాల్నే వచ్చిన సారూ. నా పేరు పిలువకనే మూసుకొని పోయిన్రు."

నా గొంతు కాదు. ఎవడో బొంగురు గొంతువాడు, ఎంత చక్కగా అన్నాడంటే, ఆ 'వచ్చిన'లో పొద్దుటి ఎండ, ఆఫీసు ముందు పడిగాపులు, అన్నీ వినిపించాయి. నేనెప్పటికీ అలా అనలేను. హాల్లో ఎవరో ఈల వేశారు. కొంతమంది చప్పట్లు కొట్టారు. మా నాన్న కూడా కొట్టాడు. కొట్టి, నా చెవి వెతుక్కుని వంగాడు.

"గీడెవ్వడో గని అచ్చం మనూరోడే బిడ్డా. మీ తాత మాట్లాడినట్టె మాట్లాడిండు. నువ్వెప్పుడొస్తవ్?"

ఇంకా ఉందన్నానో, ఊఁ అన్నానో గుర్తులేదు. ఇంటర్వెల్‌లో సమోసా తెచ్చిస్తే తినలేదు, ఎక్కడ చప్పుడుకు నా గొంతు తప్పిపోతుందోనని. రెండో సగంలో ఏ మగగొంతు కొత్తగా వినిపించినా నా చెయ్యి నొక్కేవాడు. పోలీసు మాట్లాడితే నొక్కాడు. చాయ్ అమ్మేవాడు మాట్లాడితే నొక్కాడు. నేను ప్రతిసారీ, "కాదు నాన్నా" అన్నాను. చివర్లో వెనకనుంచి ఎవరో "రేయ్, జరుగుర్రా" అని అరిచినా నొక్కాడు.

సినిమా అయిపోయింది. లైట్లు వేశారు. జనం కుర్చీలు దబదబా వదిలి లేస్తున్నారు. నాన్న కదల్లేదు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"మరి నువ్వు రాలే?"

ఏం చెప్పాలో నేను ఆలోచించుకోలేదు. కోచ్ గుర్తుకురాలేదు, లారీ గుర్తుకురాలేదు. ముప్పై ఏళ్ళుగా నా నోట్లో లేని మాట దానంతటదే వచ్చింది.

"వచ్చి పోయిన, బాపు" అన్నాను.

నాన్న నా చెయ్యి వదిలేసి, వెనక వరుస వైపు తల తిప్పి, "ఎవ్వలూ?" అన్నాడు.